వెనక సీట్లో మా మామ

మా మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్లో ఒక బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చుని చీర మడత విప్పుతున్నాను. మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "నాయిన పోయిండు. జర పైలంగ రా" అన్నాడు, అంతే. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడగడానికి వంగి, అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఎవరినీ పరేషాన్ చేయడం ఆయనకు ముందునుంచీ చేతకాదు. విప్పిన చీరను ఎవరు మడిచారో, మూటలు ఎవరు తెచ్చి కారులో పెట్టారో నాకు గుర్తు లేదు. వనపర్తి మీదుగా గద్వాల దాకా ఒక్కదాన్నే నడుపుకుంటూ వచ్చాను. దారిలో కారు చిన్న చప్పుడు కూడా చేయలేదు. అది చప్పుడు చేయకపోవడానికి కారణం ఆయనే కాబట్టి దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

ఆయన గొప్పవాడేమీ కాదు. గద్వాలలో గుంట మగ్గం మీద చీరలు నేసి బతికిన మనిషి. మా వాడలో అట్లాంటివాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ఆయన పోయినందుకు ఏ దుకాణమూ మూయలేదు. నేను రాయకపోతే ఆయన గురించి ఇంకెవరూ రాయరు. నేను రాస్తే నలుగురు చదివి, తమ ఇంట్లో మాట్లాడకుండా ఒక మూల కూర్చునే పెద్దమనిషి వైపు ఒకసారి తిరిగి చూస్తారేమోనని నా ఆశ.

మా ఇళ్ళలో మామ కోడలితో నేరుగా మాట్లాడడు. కోపముండి కాదు, అది మర్యాద. కోడలు కూర్చున్న మంచం మీద కూర్చోడు, పేరు పెట్టి పిలవడు, మొహం చూసి ఏదీ అడగడు. ఏం కావాలన్నా అత్తమ్మతో చెప్పాలి. అత్తమ్మ లేకపోతే పిల్లలతో, పిల్లలు లేకపోతే గోడతో. "జర మంచినీళ్ళు దొరుకుతయా" అని మా మామ వాకిట్లో ఉన్న రోలును అడిగేవాడు. నేను వంటింట్లోంచి చెంబు తెచ్చి గడప మీద పెట్టి వెనక్కి పోయేదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. వనపర్తిలో మా పుట్టింట్లో అందరం అరుచుకుంటూ మాట్లాడుకునే రకం. రోలుతో మాట్లాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక కారు సంగతి. నాకు వేగమంటే ఇష్టం. ఆడదానికి ఇదేం పిచ్చి అని అడిగినవాళ్ళకు నేను నవ్వి ఊరుకుంటాను. మా అన్న వనపర్తిలో టాక్సీ నడుపుతాడు, డ్రైవింగు నేర్పింది వాడే. మా ఆయన నేసిన చీరలను మధ్యలో సేఠు చేతికి ఇవ్వకుండా నేనే వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు తీసుకుపోయి అమ్మితే బాగుంటుందని నాకు పట్టుదల. దానికి బండి కావాలి. వనపర్తిలో ఒక డాక్టరు తన పాత కారు అమ్ముతున్నాడని అన్న చెప్పాడు. ఒకప్పుడు అది పోతుంటే జనం ఆగి చూసేవాళ్ళట. విదేశీ బండి, నల్లగా, పొడుగ్గా, నేలను పట్టుకుని ఉన్నట్టుంటుంది. ఇప్పటి చిన్న కార్లలో ముందు చక్రాలు బండిని లాగుతాయి, దీన్ని వెనక చక్రాలు తోస్తాయి. కాలు కొంచెం గట్టిగా పెడితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. వయసు మీద పడిన బండి కాబట్టి నాలాంటిదాని చేతికి వచ్చింది. డాక్టరు దాన్ని అంత తేలిగ్గా ఎందుకు వదిలించుకున్నాడో గద్వాల చేరేలోపే తెలిసింది.

కదిలేటప్పుడు కిందనుంచి ధడ్‌మని ఒక దెబ్బ. ఒకటో గేరు నుంచి రెండుకు మారిస్తే ఇంకో దెబ్బ. ఎక్సలేటరు మీద కాలు తీస్తే ఒకటి, మళ్ళీ పెడితే ఒకటి. రివర్సు గేరు వేస్తే మా వాడలో కుక్కలు లేచి నిలబడేవి. బండి చూడడానికి వచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్ళ ముందే మా అత్తమ్మ "పైన పటారం, లోన లొటారం" అని తేల్చేసింది.

మా అత్తమ్మ మాట మా ఇంట్లో చివరి మాట. దసరాకు మగ్గానికి పూజ చేస్తాం, ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. మూలిగే బండికి తాను పసుపు పెట్టనని, దసరాలోపు ఆ చప్పుడు పోకపోతే అమ్మేయాలని ఆమె చెప్పింది. మా ఆయన తల ఊపాడు. ఆయన మంచివాడే, కానీ తల్లి ముందు ఆయన తల ఒక్క దిక్కే ఊగుతుంది. ఆ బండి పోతే నాకు ఏం పోతుందో నాకు బాగా తెలుసు. మళ్ళీ ఇంట్లో కూర్చుని కండెలకు దారం చుట్టుకోవాలి, చీరలు మళ్ళీ సేఠు దగ్గరికే పోతాయి, ఆయన చెప్పిన ధరే వేదం. నాగర్‌కర్నూల్ రోడ్డు మీద కిటికీ దించుకుని పోయే ఆ పొద్దులు ఇంక ఉండవు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను అంటారు. ఉలిపికట్టెకు కూడా పోవడానికి ఒక దారి కావాలి కదా.

మెకానిక్కుల దగ్గరికి తిరిగాను. ఒకరు నా పక్కన కూర్చుని విని, క్లచ్చు అరిగిందన్నారు. అది మార్చాక కూడా ధడ్ పోలేదు. ఇంకొకరు స్టీరింగు తానే పట్టుకుని వాడ చుట్టూ తిప్పి, గేరు బాక్సును మోసే రబ్బర్లు పోయాయన్నారు. అవీ మార్చాం. ధడ్. మూడో ఆయన నవ్వి, ముసలి బండికి కీళ్ళనొప్పులు రావా అమ్మా అన్నాడు. వాళ్ళ తప్పేమీ లేదు. ముందు సీట్లో కూర్చుంటే ఆ చప్పుడు గేరు రాడ్డు కిందనుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. నా చెవికీ అట్లాగే వినిపించేది.

అప్పుడే మా అత్తమ్మ మా మామను నా వెంట పంపింది. చప్పుడు కనిపెట్టడానికి కాదు, కాపలాకు. ఆ దయ్యం బండిలో కోడలు ఒక్కతే ఊళ్ళు తిరగడం ఆమెకు నచ్చలేదు. ఆయన మగ్గం మీదినుంచి లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని వచ్చాడు. నేను ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. అందులో పాము కనబడ్డట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. కోడలి పక్కన కూర్చోవడమా? తనే వెనక తలుపు తెరుచుకుని, చెప్పులు రోడ్డు మీద విడిచి, ఎడమ వైపు మూలకు ఒదిగి కూర్చున్నాడు.

ఆ చెప్పుల కథ చెప్పాలి. ఇంట్లోకి పోతున్నట్టే కారులోకి కూడా చెప్పులు విడిచే ఎక్కేవాడు. ఆ మొదటి రోజు మా ఇంటి ముందు రోడ్డు మీద విడిచిన చెప్పులను మా పిల్లవాడు చూసి లోపల పడేశాడు కాబట్టి సరిపోయింది. వనపర్తిలో దుకాణం ముందు విడిచినవాటిని ఎవరు చూస్తారు? నాగర్‌కర్నూల్లో దిగబోతూ కాళ్ళ దగ్గర వెతుక్కున్నాడు. వట్టి కాళ్ళతో నడిచి నాతోపాటు దుకాణంలోకి వచ్చాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి అవి వనపర్తిలో దుకాణం మెట్టు మీద ఉన్నాయి, ఎవరో జరిపి పక్కకు పెట్టారు. తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు సంబరపడ్డాడు. అప్పటినుంచి బండి తీసేముందు రోడ్డు మీద చెప్పులున్నాయేమో చూడడం నాకు అలవాటైపోయింది.

కారులో మేమిద్దరమే. అత్తమ్మ లేదు, పిల్లలు లేరు, రోలు లేదు. అందుకని ఆయన కారుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "ఏందే, గిప్పుడెందుకు మోగినవ్?" అని ముందు సీటు వీపును అడిగేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, గేరు మార్చినందుకు మోగిందని స్టీరింగుకు చెప్పేదాన్ని. అట్లా ఒక సీటు, ఒక స్టీరింగు ఎర్రవల్లి చౌరస్తా దాకా ముచ్చట పెట్టుకుంటూ పోయేవి. బయటివాళ్ళు ఎవరైనా వింటే మా ఇద్దరినీ ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపేవాళ్ళే.

ఆయనకు కారు గురించి ఏమీ తెలియదు, తెలుసని ఎప్పుడూ అనలేదు. మగ్గం మీద ఎక్కడో చప్పుడు తేడాగా వస్తే ఏం చేస్తారో అదే చేశాడు. "ఎప్పుడు మోగుతుందో అందరు చెప్తరు. ఎప్పుడు మోగుతలేదో సూడాలె" అని సీటుకు చెప్పాడు. నాకు ఆ మాట పట్టుకుంది. మరునాటినుంచి చప్పుడు రాని చోట్లు వెతకడం మొదలుపెట్టాం. గుంతలో దించితే మోగదు, అంటే చక్రాల దగ్గరి స్ప్రింగుల సంగతి కాదు. బ్రేకు వేస్తే మోగదు. మలుపు తిప్పితే మోగదు. దిగుడులో న్యూట్రల్ చేసి జారనిస్తే పిల్లిలా పోతుంది. ఇంజను బలం చక్రాలకు అందేటప్పుడు, ఆ బలం తెగేటప్పుడు మాత్రమే దెబ్బ పడుతుంది. బలం పోయే దారిలోనే ఎక్కడో ఏదో వదులైందని అర్థమైంది. కానీ ఆ దారి ఇంజను నుంచి వెనక చక్రాల దాకా ఉంది. ఎక్కడని వెతకాలి?

చప్పుడు వెనకనుంచి వస్తుందని ఆయన, ముందునుంచని నేను. ఒకరోజు ఎర్రవల్లి దాటాక ఆయన బండి ఆపమని సీటుకు చెప్పాడు. దిగి డిక్కీ తెరిచాం. చీరల మూటలన్నీ తీసి, అదనపు చక్రం పెట్టే గుంతలో చూస్తే పసుపు గుడ్డలో కట్టిన కొబ్బరికాయ. ముడుపు. అటూ ఇటూ దొర్లి రేకుకు తగులుతోంది. దొంగ దొరికాడని ఆయన కారు వీపు మీద చరిచాడు. నేను కూడా రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ ముడుపు ఎవరు కట్టారో ఇద్దరికీ తెలుసు. బండి అమ్మేయాలని రోజూ పోరే మనిషే, నేను క్షేమంగా ఇల్లు చేరాలని దేవుడికి మొక్కుకుని, ఎవరికీ చెప్పకుండా మూటల కింద పెట్టింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను బండి కదిలించాను.

ధడ్.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అద్దంలో చూస్తే ఆయన నవ్వుతున్నాడు, చప్పుడు రాకుండా, భుజాలు ఊగిపోయేలా. మా పెళ్ళయినప్పటినుంచి ఆయన నవ్వడం నేను చూడలేదు. ముడుపును కింద పెట్టకూడదు, విప్పకూడదు. అందుకని నాగర్‌కర్నూల్ పోయి తిరిగి వచ్చేదాకా దాన్ని పసిపిల్లలా ఒళ్ళోనే పట్టుకున్నాడు. ఇల్లు వస్తుందనగా తన తువ్వాలులో చుట్టి, దొర్లకుండా మళ్ళీ అక్కడే పెట్టాడు. "మా ఇంటిదానికి కోపం లేదే, భయం" అని డిక్కీ మూస్తూ కారుతో అన్నాడు. ఈ సంగతి అత్తమ్మకు ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

దసరా దగ్గరికి వచ్చేసింది. బండి చూసుకోవడానికి కర్నూలు నుంచి బ్రోకరు ఒకసారి వచ్చి పోయాడు కూడా. అప్పుడే అమ్రాబాద్ నుంచి పెళ్ళి చీరల బేరం ఒకటి వచ్చింది. చాలా దూరం, అత్తమ్మ వద్దంది. మామ రోలుతో ఏమన్నాడో నేను వినలేదు కానీ పొద్దున్నే తయారై వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

మన్ననూర్ దగ్గర అడవి చెక్‌పోస్టులో గార్డు బండిని చూసి, వెనక కూర్చున్న మా మామకు సలాం కొట్టాడు. ఇది పులులు తిరిగే జాగా, హారన్ కొట్టొద్దు, జోరుగా పోవద్దు అని నాకు చెప్పాడు. "సార్, మీ డ్రైవరమ్మకు జర మీరు గూడ చెప్పుండ్రి" అని గేటు ఎత్తాడు. మా మామకు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. చాలా దూరం దాకా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

మన్ననూర్ నుంచి అమ్రాబాద్‌కు ఎక్కుడు దారి. మలుపులు, రెండు పక్కలా అడవి. రెండో గేరులో, కాలు తీస్తూ పెడుతూ పోవడం తప్ప ఇంకో మార్గం లేదు. తీసినప్పుడల్లా ధడ్, పెట్టినప్పుడల్లా ధడ్. కిటికీలు దించి ఉన్నాయి, బయట ఆకు కదిలిన చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆయన ఎడమ మూలనుంచి సీటు మధ్యకు జరిగాడు. కారు నడుమ పొడుగ్గా ఒక గట్టు ఉంటుంది, దాని కిందనుంచే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోయే ఇనుప రాడ్డు పోతుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. గట్టు అడ్డమొచ్చిందని రెండు పాదాలూ దాని మీద పెట్టుకున్నాడు. వట్టి పాదాలు. జీవితమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కిన పాదాలు. అద్దంలో చూశాను, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"బిడ్డా, ఆపకు" అన్నాడు. "కాలు తియ్యి. ఆ. మల్ల పెట్టు."

తీశాను. పెట్టాను. ఆయన చప్పుడు సంగతి చెబుతున్నాడని తెలుసు, నా చెవిలో మాత్రం ఆ మొదటి మాటే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను పిలవడం అదే మొదటిసారి. తానేమన్నాడో ఆయనకు తట్టినట్టు కూడా లేదు.

"మనం చెవితోని దేవులాడుతున్నం" అన్నాడు. "గిది కాళ్ళ కింద ఉన్నది. కిందికెళ్ళి ఎగిరి అరికాలుకు తగుల్తుంది. చప్పుడు పుట్టేది ఒకతాన, ఇనపడేది ఇంకొకతాన."

ఆ తర్వాత అమ్రాబాద్ దాకా సీటు, స్టీరింగు మాట్లాడుకోలేదు, మేమే మాట్లాడుకున్నాం. చీరలు కూడా అమ్ముడుపోయాయి కానీ ఆ సంతోషం నాకు సరిగ్గా గుర్తు లేదు.

మరునాడు వనపర్తి మెకానిక్కు దగ్గరికి పోయాం. రబ్బర్లు మార్చినాయన ఆయనే. విషయం చెబితే విసుక్కోలేదు, బండిని పని గుంత మీదికి తోలించాడు. మా మామ తువ్వాలు నడుముకు చుట్టుకుని ఆయన వెంటే గుంతలోకి దిగబోయాడు. నూనె మరకలవుతాయి, పైన ఉండమని నేనంటే "గుంతల దిగుడు నాకు కొత్తనా బిడ్డా" అన్నాడు. మెకానిక్కు ఆ పొడుగు రాడ్డు కింద గడ్డపార లాంటిది పెట్టి పైకి లేపాడు. రాడ్డును సరిగ్గా నడుమ పట్టుకుని ఉండే గుండ్రటి రబ్బరు చుట్టూ తెగిపోయి ఉంది. బలం పడినప్పుడల్లా రాడ్డు ఎగిరి పైన రేకుకు తగులుతోంది. తగిలి తగిలి ఆ రేకు మీద కొత్త రూపాయి బిళ్ళలా ఒక మెరుపు మచ్చ పడింది. మా మామ ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. అది ఆయన పాదాలు పెట్టిన చోటికి సరిగ్గా కింద ఉంది.

రిపేరుకు వచ్చిన ఏ బండిలోనూ తాను వెనక సీట్లో కూర్చోలేదని మెకానిక్కు తల గోక్కున్నాడు. అసలు ఎవరు కూర్చుంటారు? మా మామ మాత్రం కూర్చున్నాడు, కోడలి పక్కన కూర్చోకూడదు కాబట్టి. ఆ పద్ధతి మీద నేను ఎన్నిసార్లు పళ్ళు నూరానో! చివరికి నా బండిని దక్కించింది అదే. ఇప్పటికీ దాన్ని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకు తెలియదు.

హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంనుంచి అన్న ఆ రబ్బరు తెప్పించాడు. అది బిగించాక ధడ్ మళ్ళీ వినపడలేదు. దసరా నాడు మా అత్తమ్మ మగ్గానికి పూజ చేసి, పళ్ళెం పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. నన్ను స్టార్టు చేయమంది. ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు నడిపించి చెవి పెట్టి వింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టు మీద పసుపు రాసింది. గెలిచానని నేను అనలేదు, ఓడానని ఆమె అనలేదు. కానీ బండి ఎక్కలేదు. ఎన్నిసార్లు అడిగినా తల తిరుగుతుందని చెప్పి, అయిజలో ఉన్న పుట్టింటికి బస్సులోనే పోయేది.

చప్పుడు పోయాక కూడా మా మామ నాతో రావడం మానలేదు. మగ్గం మీద పని లేని రోజు వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. వనపర్తిలో వేయించిన పల్లీలు కొనేవాడు. పొట్టు సీట్లో పడకుండా తువ్వాలు పరుచుకుని, సగం పొట్లం ముందుకు చాపేవాడు. దారిలో చాలా చెప్పాడు. వయసులో ఉండగా మగ్గం వదిలేసి లారీ ఎక్కి రాయచూరు పారిపోయాడట, డ్రైవరు కావాలని. వాళ్ళ నాన్న వెతుక్కుంటూ పోయి చెవి పట్టుకుని తెచ్చి గుంటలో కూర్చోబెట్టాడట. రోడ్డు ఖాళీగా ఉన్నచోట "జర జోరుగ పోనియ్యి బిడ్డా, ఎవ్వరు లేరు" అని గుసగుసగా చెప్పేవాడు. కాలు గట్టిగా పెడితే ముందు సీటు పట్టుకుని, గాలికి కళ్ళు చికిలించి, ఆ పారిపోయిన పిల్లవాడిలా నవ్వేవాడు. ఇల్లు చేరి గడప దాటితే మాత్రం మళ్ళీ రోలుతోనే మాట.

నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఆయన బతికుండగా ఈ మాట చెప్పే వరస కాదు మాది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కర్మ నాడు భోజనాలయ్యాక మగవాళ్ళంతా వాకిట్లో కూర్చున్నారు. అత్తమ్మ తమ్ముడు అయిజనుంచి వచ్చాడు, బాగా సంపాదించుకునేవాడు, నలుగురిలో మాట చెల్లేవాడు. ఆయనే బండి మాట ఎత్తాడు. ఇన్నాళ్ళూ పెద్దమనిషి వెనక కూర్చునేవాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదట. ఇప్పుడు కోడలు ఒక్కతే అడవులూ ఊళ్ళూ తిరిగితే ఇంటి పరువేం కాను, ఆ పాత బండిని అమ్మేయమన్నాడు. మా ఆయన తల వంచుకున్నాడు. ఏ దిక్కు ఊపుతాడో నాకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో నోరు చేసుకోవడం ఇష్టం లేక నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండిపోయాను. మామ ఉండి ఉంటే రోలుకైనా ఒక మాట చెప్పేవాడని అనిపించి దుఃఖం ఆగలేదు. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

కర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి, భర్త పోయిన ఆడపడుచును తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. మరునాడు పొద్దున అత్తమ్మ తమ్ముడు తన కొత్త బండి వాకిటి ముందుకు తెచ్చాడు. తెల్లటిది, ఎత్తైనది, లోపల చల్లగా ఏసీ వేసి ఉంచాడు. నల్ల కారు పక్కన గోడ వారగా ఉంది. అత్తమ్మ చేతిసంచి పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. తమ్ముడు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆమె ఆ తలుపు ముందునుంచే నడిచి, మా కారు దగ్గరికి వచ్చి ఆగింది. ఎక్కడ పట్టుకుని తెరవాలో తెలియక చేత్తో తడుముతోంది. నేను పరుగెత్తుకుని పోయి వెనక తలుపు తెరిచాను.

"ఎన్క కూసోను" అంది. "గది ఆయన జాగ."

ముందు తలుపు తెరిచాను. పట్టుకుని కూర్చోబెడితే సీటులోకి దిగబడి, ఒక్కసారి భయపడి నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడు దగ్గరికి వచ్చి, అక్కా ఈ పాత బండిలో ఒళ్ళు హూనమవుతుంది, నాతో రా అని బతిమాలాడు. ఆమె ఆయన మొహం చూడలేదు, ఎదురుగా అద్దంలోంచి రోడ్డును చూస్తోంది.

"నా కోడలు తోల్కపోతది. నువ్వు ఎన్క రా" అంది.

మా ఆయన పోయి తన మేనమామ బండిలో కూర్చున్నాడు. గద్వాల దాటేదాకా నెమ్మదిగానే నడిపాను. ఆమె తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. అయిజ రోడ్డు తిన్నగా, ఖాళీగా వచ్చింది, రెండు పక్కలా పత్తి చేలు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, నా కాలే కొంచెం బరువెక్కింది. బండి ముందుకు దూకింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. కొంతసేపటికి పిడి మీదినుంచి ఒక చెయ్యి తీసి, కిటికీ పక్కనున్న అద్దం వైపు వంగి చూసింది.

"ఎన్కబడ్డడా వాడు?" అంది.

"ఆ, అత్తమ్మా."

"పడనియ్యి."

అద్దంలో ఆ తెల్ల బండి చిన్నదవుతూ, చిన్నదవుతూ దుమ్ములో కలిసిపోయింది.